చేద మొదలు ఓడ వరకు

నూతిలో నీరు తోడిన చేతులకు బాగుగా తెలిసిన విశేషము ఒకటి ఉన్నది. చేద నీటిలో మునిగి ఉన్నంతసేపూ తాడు తేలికగా ఉంటుంది. నిండిన చేదను నీటి అడుగున అటూ ఇటూ ఆడించినా భుజమునకు శ్రమ తెలియదు. చేద అంచు నీటి మట్టమును దాటి పైకి రాగానే తాడు బిగుసుకుంటుంది, గిలక కిర్రుమంటుంది, అరచేయి మండుతుంది. చేద మారలేదు, అందులోని నీరు మారలేదు, తోడే మనిషీ మారలేదు. జానెడు దూరములో పది కిలోల బరువు ఎక్కడనుండి వచ్చి పడినది?

ఈనాడు చాలా ఇండ్లలో గిలకలు పోయి మోటార్లు వచ్చినవి. అయినా స్నానాల గదిలో ఒక తొట్టి, ఒక చెంబు ఉంటే చాలును. చెంబును తొట్టిలో ముంచి, నిండిన తరువాత మెల్లగా పైకి ఎత్తి చూడండి. నూతి గట్టున జరిగేదే అక్కడా జరుగుతుంది.

నీటిలో వస్తువులు తేలిక అవుతాయని చెప్పి మనము ఊరుకుంటాము. ఆ మాట తప్పు కాదు. కాని ఎంత తేలిక అవుతాయి అన్నదే అసలు ప్రశ్న. దానికి సమాధానము పుస్తకములో వెదకనక్కరలేదు. నూతి నీటినే అడగవచ్చును. కదలక మెదలక నిలిచి ఉన్న నీటి నడుమ, ఒక చేదెడు నీటిని మనస్సులోనే గీత గీసి వేరు చేయండి. ఆ నీరు పది లీటర్లయితే దాని బరువు పది కిలోలు. బరువున్న వస్తువు కిందికి జారవలె గదా! కాని అది జారడము లేదు. అంటే చుట్టూ ఉన్న నీరు ఆ పది కిలోలను ఒక్క క్షణమైనా విడువక మోస్తూనే ఉన్నదన్నమాట. ఎట్లా మోస్తున్నది? లోతు పెరిగిన కొలదీ నీటి ఒత్తిడి పెరుగుతుంది. అందుచేత ఒక వస్తువు అడుగును పైకి నెట్టే ఒత్తిడి, దాని నెత్తిని కిందికి నొక్కే ఒత్తిడి కంటె ఎప్పుడూ ఎక్కువ. ఈ రెంటి తేడాయే వస్తువును పైకి లేపే బలము. శాస్త్రములో దీనిని ఉత్ప్లవన బలము అంటారు.

ఇప్పుడు మనము ఊహలో గీత గీసిన నీటిని తీసివేసి, సరిగా అంతే పరిమాణము, అదే ఆకారము గల రాతిని అక్కడ పెట్టినామనుకొనండి. చుట్టూ ఉన్న నీటికి లోపల ఉన్నది నీరో, రాయో తెలియదు. అది ఎప్పటివలెనే పది కిలోల బలముతో పైకి నెడుతుంది. రాయి బరువు ఇరవై అయిదు కిలోలు గనుక, ఇంకా పదిహేను కిలోలు మిగిలి రాయి మునుగుతుంది. రాతికి బదులు అదే పరిమాణము గల కొయ్యదిమ్మె, ఆరు కిలోలది, అక్కడ ఉంటే నెట్టే బలమే నాలుగు కిలోలు మిగిలిపోతుంది. దిమ్మె పైకి లేస్తుంది. లేచి ఎక్కడ ఆగుతుంది? తనలో ఆరు లీటర్లంత భాగము మాత్రమే నీటిలో మిగిలిన చోట ఆగుతుంది. ఆరు లీటర్ల నీరు ఆరు కిలోలు. దిమ్మె ఆరు కిలోలు. లెక్క సరిపోయినది గనుక ఇక కదలదు. తొలగిన నీటి బరువు ఎంతో, పైకి నెట్టే బలము అంత. నూతిలో మన చేదను తేలిక చేసినదీ ఈ బలమే. చేదలోని పది కిలోల నీటిని చుట్టూ ఉన్న నీరు మోసినంతసేపు మనము మోయనక్కరలేకపోయినది.

ఈ సూత్రమును మొదట శాస్త్రముగా చెప్పినవాడు క్రీస్తుపూర్వము 3వ శతాబ్దిలో సిసిలీ ద్వీపమందలి సిరక్యూస్ నగరములో ఉండిన ఆర్కిమిడీసు. ఆయన పేరు ఎత్తగానే అందరికీ రాజుగారి బంగారు కిరీటమూ, స్నానపు తొట్టీ, ఒంటిమీద బట్ట లేకుండా వీధిలో పరుగెత్తిన కథా జ్ఞాపకము వస్తాయి. కథ ముచ్చటగా ఉన్నది గాని, దానిని వ్రాసినవాడు ఆర్కిమిడీసు తరువాత సుమారు రెండు వందల సంవత్సరములకు వచ్చిన విట్రూవియస్ అనే రోమను వాస్తుశిల్పి. తేలే వస్తువులను గురించి ఆర్కిమిడీసు స్వయముగా వ్రాసిన గ్రంథములో కిరీటము మాటే లేదు.

లెక్క వేసి చూచినా ఆ కథ మీద కొంత అనుమానము కలుగుతుంది. కిలో బరువుగల మేలిమి బంగారు కిరీటము సుమారు 52 ఘన సెంటీమీటర్ల నీటిని తొలగిస్తుంది. అందులో మూడు వందల గ్రాములు వెండి కలిపి ఉంటే సుమారు 65 తొలగిస్తుంది. తేడా పదమూడు ఘన సెంటీమీటర్లు. ఒక పెద్ద చెంచాడు నీరు. కిరీటము పట్టే వెడల్పు పాత్రలో నీటి మట్టము ఆ తేడాకు అర మిల్లీమీటరైనా పెరగదు. పొంగి పొరలిన నీటిని కొలిచి దొంగను పట్టడము కష్టము. 1586లో, ఇరవై రెండేండ్ల గెలీలియో ఒక చిన్న వ్యాసము వ్రాసి, కిరీటమును త్రాసుకు వ్రేలాడదీసి నీటిలో ముంచి తూచి ఉంటాడని సూచించినాడు. అట్లా తూచితే మేలిమి కిరీటము నీటిలో 948 గ్రాములు తూగుతుంది, కల్తీ కిరీటము 935. కంసాలి త్రాసుకు పదమూడు గ్రాములంటే కొండంత. నాకు గెలీలియో మాటే సబబుగా తోస్తుంది.

ఇక వస్తువుల సంగతి. సమాన పరిమాణము గల నీటితో పోల్చి, ఒక వస్తువు ఎన్ని రెట్లు బరువో చెప్పే సంఖ్యను విశిష్ట గురుత్వము అంటారు. నీరు 1 అయితే ఇనుము 7.8, సీసము 11.3, పాదరసము 13.6, బంగారము 19.3. ఒకటి కంటె తక్కువైనది నీటిలో తేలుతుంది, ఎక్కువైనది మునుగుతుంది. ద్రవము మారితే తీర్పు మారుతుంది. నీటిలో మునిగే ఇనుపగుండు పాదరసము మీద బెండువలె తేలుతుంది; బంగారము అక్కడ కూడా మునుగుతుంది. కొయ్య అంతా తేలుతుందనీ, రాయి అంతా మునుగుతుందనీ అనుకొనరాదు. మన శేషాచలము కొండల ఎర్రచందనపు చేవ నీటిలో మునుగుతుంది. ములుగు సమీపమున పాలంపేటలో, కాకతి గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన రామప్ప దేవాలయపు విమానములోని ఇటుకలు నీటిలో తేలుతాయి. మట్టి తేలే పదార్థము కాదు. ఆ ఇటుకల లోపల లెక్కలేనన్ని గాలి గదులు ఉన్నవి. మట్టి, గాలి కలిపి చూచినప్పుడు ఇటుక సాంద్రత నీటి సాంద్రత కంటె తక్కువైనది. ఆ ఇటుకలను నీటి మీద తేల్చవలెనని చేయలేదు. శిఖరపు బరువు తగ్గించవలెనని చేసినారు. నీటి తొట్టి మన పరీక్ష మాత్రమే.

నీటి సాంద్రతను మార్చి పని చేసుకొనడము మన రైతులకు తెలిసినదే. వరి విత్తనములలో తాలును వేరు చేయడానికి మంచినీరు చాలదు; సగము గింజ పట్టిన వడ్లు కూడా అందులో మునిగిపోతాయి. అందుకని నీటిలో ఉప్పు కలుపుతూ పోతారు. ఎంత ఉప్పు? దానికొక కోడిగ్రుడ్డు సాక్షి. తాజా గ్రుడ్డు మంచినీటిలో అడుగున పడుకుంటుంది. ఉప్పు ఎక్కువైన కొలదీ అది లేచి, చివరకు చిన్న నాణెమంత మేర పైకి కనబడుతుంది. అప్పుడు ఆ నీటిలో వడ్లు పోస్తే తాలు, అరగింజలు తేలుతాయి. నిండు గింజలు అడుగున నిలుస్తాయి. తేలిన వాటిని తీసివేసి, మునిగిన వాటిని మంచినీటిలో రెండు మూడు మార్లు కడిగి నారుమడికి వాడుతారు. కడగకపోతే ఉప్పు మొలకను చెరుస్తుంది. తాజా గ్రుడ్డు అని ప్రత్యేకించి చెప్పడములోనూ అర్థమున్నది. రోజులు గడచిన కొలదీ పెంకు రంధ్రముల గుండా లోపలి తేమ ఆవిరై, ఆ చోటికి గాలి చేరుతుంది. నిలువ గ్రుడ్డు ఉప్పు లేకుండానే తేలుతుంది. వంట చేసే గృహిణులకు ఇది వేరుగా చెప్పనక్కరలేదు.

పాలలో నీళ్ళు పట్టుకొనే లాక్టోమీటరు కూడా ఈ బాపతుదే. అడుగున బరువు, పైన సన్నని గొట్టము గల గాజు తేలిక అది. పాలు నీటి కంటె కొంచెము చిక్కన, విశిష్ట గురుత్వము సుమారు 1.03. నీళ్ళు కలిపితే ఆ సంఖ్య తగ్గి, గాజు గొట్టము మరికొంత లోతుకు దిగి, గుట్టు బయట పెడుతుంది. అయితే దీనిని మోసగించేవారూ లేకపోలేదు. వెన్న నీటి కంటె తేలిక. పాల మీద మీగడ తీస్తే మిగిలిన పాల సాంద్రత పెరుగుతుంది. అప్పుడు నీళ్ళు పోస్తే లాక్టోమీటరు మళ్ళీ సరియైన గీత వద్దకే వచ్చి నిలుస్తుంది. మీగడా పోయినది, నీళ్ళూ చేరినవి. పరికరము మాత్రము పాలు మంచివే అంటుంది! అందుచేతనే పాల కేంద్రములలో వెన్న శాతమును వేరుగా కొలుస్తారు.

ఇంతవరకు చెప్పినదంతా విన్నవారికి ఒక సందేహము కలగవలె. ఇనుము నీటికి దాదాపు ఎనిమిది రెట్లు బరువైతే ఇనుప ఓడ ఎట్లా తేలుతున్నది? 1787లో ఇంగ్లండులోని సెవర్న్ నదిలో జాన్ విల్కిన్‌సన్ ఇనుప పడవను దింపినప్పుడు, ఇనుము తేలడమేమిటని నవ్వినవారు చాలామంది. వారికి సమాధానము మన వంటింటిలోనే ఉన్నది. అంట్ల తొట్టిలో గరిటె మునుగుతుంది. అదే లోహముతో చేసిన గిన్నె తేలుతుంది. ఒక కిలో ఇనుప ముద్ద 128 ఘన సెంటీమీటర్ల నీటిని మాత్రమే తొలగించగలదు. 128 గ్రాముల బలము ఒక కిలోను ఎట్లా మోస్తుంది? ఆ ఇనుమునే రేకుగా సాగగొట్టి, లీటరున్నర పట్టే గిన్నెగా వంచండి. గిన్నె లీటరు నీటిని తొలగించేంతవరకు దిగి, అక్కడ నిలుస్తుంది. ఇంకొక అర కిలో సరకు కూడా పడుతుంది, అంచు వరకు. ఇనుము తేలలేదు, ఇనుమూ, అది కౌగిలించుకొన్న గాలీ కలిసి తేలినవి. 1948 మార్చి 14న విశాఖపట్టణములో జవహర్‌లాల్ నెహ్రూ చేతులమీదుగా నీట దిగిన ఎనిమిది వేల టన్నుల 'జల ఉష' అనే ఓడ అయినా ఆ గిన్నెకు పెద్ద అక్కగారే. ఆ ఊరి సముద్రతీరమున 2002 నుండి ప్రదర్శనశాలగా ఉన్న 'కురుసుర' జలాంతర్గామి మునగడమూ తేలడమూ రెండూ తన ఇష్టప్రకారము చేసినది: తొట్టెలలోకి సముద్రపు నీటిని రానిచ్చి మునిగేది, బిగించి ఉంచిన గాలితో ఆ నీటిని బయటకు తరిమి తేలేది.

గిన్నె విషయములో 'అంచు వరకు' అన్నాను. నిజానికి నేను చెప్పదలచినది ఆ అంచును గురించే.

సుమారు అరవై ఏండ్ల కిందట, గోదావరి పాయ ఒకదాని రేవులో, మా నాయనగారి చేయి పట్టుకొని నాటుపడవ ఎక్కిన రోజు నాకు బాగా జ్ఞాపకము. సంత రోజు. జనము, బుట్టలు, ఒక మేకపిల్ల. ముసలి పడవవాడు ఎవరినీ లెక్కపెట్టలేదు. ఒక్కొక్కరు ఎక్కినప్పుడల్లా వంగి, పడవ అంచునకూ నీటికీ నడుమ తన జానను పెట్టి చూచుకొంటున్నాడు. జాన సరిపోగానే గడ చేతబట్టి, "ఇంక ఒక్కరెక్కినా పడవ ఇప్పనండి" అన్నాడు. గట్టు మీద మిగిలిపోయిన షావుకారు ఒకాయనకు కోపము వచ్చినది. "ఏమోయ్, నా ఒక్కడి బరువుకే మునిగిపోతుందా నీ పడవ?" అన్నాడు. "మునిగేది తమరి బరువుక్కాదండి బాబూ, ఈ జానెడూ లేకపోతేనండి" అని ముసలివాడు పడవను నెట్టినాడు.

ఆనాడు నాకు షావుకారు మాటే న్యాయముగా తోచినది. తరువాత లెక్క వేసి చూచినాను. నీటి మట్టము వద్ద ఎనిమిది చదరపు మీటర్ల వైశాల్యము గల పడవ ఒక సెంటీమీటరు దిగితే ఎనభై కిలోల నీటిని అదనముగా తొలగిస్తుంది. అంటే ఒక మనిషి ఎక్కితే పడవ దిగేది ఒక సెంటీమీటరైనా కాదు. జానెడు అంచులో, లెక్క ప్రకారము, ఇంకా ఇరవై మందికి చోటున్నది. ఆర్కిమిడీసు సూత్రము షావుకారు పక్షమే పలుకుతున్నట్లున్నది. కాని ఆ లెక్క నిశ్చలమైన నీటిలో, బొమ్మలవలె కదలక కూర్చున్న జనమునకు. నదిలో గాలి వీస్తుంది, అల లేస్తుంది, లాంచీ పక్కనుండి పోతుంది, మేకపిల్ల బెదురుతుంది. పడవ ఒక పక్కకు ఒరిగినప్పుడు ఆ పక్క ఎక్కువ నీటిని తొలగిస్తుంది గనుక నీరు ఆ పక్కనే గట్టిగా నెట్టి పడవను మళ్ళీ నిలబెడుతుంది. పడవ నిలుకడ రహస్యమంతా ఇదే. అంచు నీటి మట్టమునకు చేరినదా, ఇక అదనముగా తొలగించడానికి అటువైపు పడవ మిగలదు. నిలబెట్టే బలము అక్కడితో సరి. ఆపైన నీరు లోపలికి పొర్లుతుంది. వచ్చిన నీరు పడవ అంతటా సమముగా పరచుకొనదు. ఒరిగిన పక్కకే పరుగెత్తి, ఆ పక్కనే ఇంకా కిందికి లాగుతుంది. భయముతో జనము లేచి నిలుచుంటారు. బరువు ఎత్తుకు పోయి పడవ మరింత నిలుకడ తప్పుతుంది. ఇదంతా జరగడానికి నిమిషము పట్టదు. ముసలివాని జాన బరువును కొలవలేదు. ఒరిగిన పడవ మళ్ళీ లేచి నిలువగల శక్తిని కొలిచినది.

ఆ జానను చట్టముగా వ్రాయడానికి ఇంగ్లండులో ఒక మనిషి చాలా పోరాడవలసి వచ్చినది. 19వ శతాబ్దిలో అక్కడ కొందరు ఓడ యజమానులు పాత ఓడలలో అంచు మునిగేటట్లు సరకు నింపి, భారీగా బీమా చేసి, సముద్రము మీదికి పంపేవారు. ఓడ చేరితే లాభము, చేరకపోతే బీమా. వాటికి శవపేటికలని పేరు వచ్చినది. అట్టి ఓడ ఎక్కనని మొరాయించిన నావికులను చట్టము జైలుకు పంపేది. డెర్బీ నుండి పార్లమెంటుకు ఎన్నికైన శామ్యూల్ ప్లిమ్సాల్ 1873లో నావికుల దుఃస్థితిని గురించి పుస్తకము ప్రకటించినాడు. 1875 జూలైలో ప్రభుత్వము బిల్లును వదలుకొనబోగా, సభలోనే కోపము పట్టలేక కేకలు వేసినాడు. ప్రజలు ఆయన వైపు నిలిచినారు. 1876లో, ఓడ పక్కన భారపు గీత వేయవలెనని చట్టము వచ్చినది. కాని అందులో ఒక చిత్రమున్నది: గీత ఎక్కడ వేయవలెనో నిర్ణయించుకొనే అధికారము యజమానికే విడిచిపెట్టినారు! ఇది జానను షావుకారు చేతికి ఇచ్చినట్లు. ఆ లోపము తీరడానికి 1890 వరకు ఆగవలసి వచ్చినది. 1930లోనూ, 1966లోనూ అంతర్జాతీయ ఒప్పందములు జరిగి, ఈనాడు దూరదేశములకు పోయే సరకు ఓడలన్నిటికీ ఆ గుర్తు తప్పనిసరి అయినది.

విశాఖపట్టణములోనో, కాకినాడలోనో రేవులో నిలిచిన ఓడ నడుమ భాగమును చూడండి. ఒక వలయము, దాని నడిమి గుండా పోయే అడ్డగీత, పక్కనే నిచ్చెన మెట్లవలె చిన్న గీతలు కనబడతాయి. అన్నిటికంటె పైది ఉష్ణమండలపు మంచినీటి గీత, దాని కింద మంచినీటి గీత, తరువాత ఉష్ణమండల సముద్రము, వేసవి, శీతకాలము. చిట్టచివర, అన్నిటికంటె కింద, శీతకాలపు ఉత్తర అట్లాంటిక్ సముద్రపు గీత. సముద్రపు గీతలలో తేడాలకు ముఖ్యకారణము తుఫానుల భయము. ఉగ్రమైన సముద్రమునకు ఎక్కువ అంచు మిగల్చవలె. మంచినీటి గీత పైన ఉండడానికి మాత్రము కారణము కేవలము సాంద్రత. సముద్రపు నీరు మంచినీటి కంటె వెయ్యికి సుమారు ఇరవై అయిదు పాళ్ళు బరువు. సముద్రములో ఎనిమిది మీటర్లు మునిగి, పక్కలు నిలువుగా ఉన్న ఓడ, కలకత్తా పోవడానికి హుగ్లీ నదిలో ప్రవేశించి మంచినీటిని చేరేసరికి, ఒక్క బస్తా అయినా ఎక్కించకుండానే ఇరవై సెంటీమీటర్లు అదనముగా దిగుతుంది. ఇంచుమించు జానెడు! నది అడుగు ఎంత దూరమున ఉన్నదో చూచుకొంటూ ఓడ నడిపేవానికి ఆ జానెడు ఎంత విలువైనదో చెప్పనక్కరలేదు.

ఓడల సంగతి ఇట్లా ఉండగా, మన దేహము సంగతి ఏమిటి? మనలో ప్రతివారూ ఒక చిన్న పడవే, చాలా తక్కువ అంచు మిగిలిన పడవ. ఊపిరి నిండుగా పీల్చిన మనిషి మంచినీటి కంటె వందకు రెండు మూడు పాళ్ళు మాత్రమే తేలిక. మనిషికి మనిషికి కొంత తేడా ఉంటుంది గాని, అరవై కిలోల మనిషిలో నీటిపైన నిలువగలిగేది సుమారుగా రెండు కిలోలంత భాగము మాత్రమే. తల ఒక్కటే నాలుగున్నర, అయిదు కిలోలు ఉంటుంది. రెండు చేతులూ కలిపి ఆరు కిలోలు. ఇప్పుడు చెరువులో కాలు జారిన మనిషి ఏమి చేస్తాడో తలచుకొనండి. రక్షించమని రెండు చేతులూ పైకి ఎత్తుతాడు. ఎత్తిన ప్రతి కిలోకూ సరిపడ ఇంకొక కిలో దేహము కిందికి పోవలె. చేతులు పైన, తల కింద! కేక వేస్తాడు, కేకతో పాటు గుండెలలోని గాలి బయటకు పోతుంది. పీల్చిన ఊపిరి పూర్తిగా వదలితే మూడు నాలుగు లీటర్ల గాలి పోతుంది. అంటే మూడు నాలుగు కిలోల ఉత్ప్లవన బలము పోయినదన్నమాట. తేలికగా ఉన్న దేహము ఆ క్షణమున నీటి కంటె బరువవుతుంది. ఇక కేక వేయడానికి ఊపిరి ఉండదు. అందుచేతనే మునిగే మనుషులు చాలామంది చప్పుడు చేయరు. గట్టు మీది వారు ఆటలాడుతున్నారని అనుకొంటారు.

ఈత రానివానికైనా ఈ లెక్కలోనే ఒక దారి ఉన్నది. వెల్లకిల పడుకొని, చెవులు నీటిలో మునిగేటట్లు తలను వెనుకకు వాల్చి, చేతులు నీటి లోపలనే బారచాచి, గుండె నిండా గాలి నింపి ఉంచితే, మిగిలిన ఆ కొద్ది అంచులో ముక్కు, నోరు మాత్రము పైన నిలుస్తాయి. ముక్కు, నోరు పైన ఉంటే చాలును గదా! చెవులలోకి నీరు పోతుందని తల ఎత్తినవాడు ఆ లాభము పోగొట్టుకొంటాడు. ఇది విని వెంటనే చెరువులో దిగి పరీక్షించమని నేను చెప్పను. నేర్పేవారు పక్కన ఉండగా, మొలలోతు నీటిలో, పిల్లలకు ఈత కంటె ముందు ఇది నేర్పవలె.

మా చిన్నతనమున కాలువలో ఈత నేర్చుకొనే పిల్లల నడుముకు ఎండిన సొరకాయ బుర్రలు కట్టేవారు. నాలుగు లీటర్ల బుర్ర ఒకటి మూడున్నర కిలోలకు పైగా దేహమును మోస్తుంది; రెండు బుర్రలు కడితే తల, మెడ రెండూ నీటి పైన. మునిగేవానిని చూచి ఈత వచ్చినవాడు కూడా ముందు దూకరాదు. అతడు పైకి రావడానికి రక్షకుని భుజములనే మెట్లుగా చేసుకొని, ఇద్దరినీ ముంచుతాడు. తేలే వస్తువును విసరవలె. ఇంటింటా నూనె కొని తెచ్చుకొన్న అయిదు లీటర్ల ప్లాస్టిక్ డబ్బా ఖాళీగా పడి ఉంటుంది. దానిలో చెంబెడు నీళ్ళు పోసి మూత బిగిస్తే విసరడానికి అనువుగా బరువు ఉంటుంది. ఆ నీళ్ళు నీటిలో బరువు కావు. మిగిలిన గాలి నాలుగు కిలోల దాకా మోస్తుంది. మూత లేని చేదను విసిరితే అది నిండి పనికిరాకుండా పోతుంది. మా వైపు కొన్ని ఇండ్లలో నూతి గట్టున, పొడుగాటి తాడు చివర అట్టి డబ్బా ఒకటి కట్టి, గిలక స్తంభమునకు తగిలించి ఉంచడము చూచినాను. చేద వేరే తాడుకు ఉంటుంది.